తరుగు తీయని కాటా

అయినా ఆ నూట తొమ్మిది అన్న అంకె చెప్పింది నేనే. కాదనను. అందులో అబద్ధం గింజంత కూడా లేదు. ఆ శనివారం హైమావతి నా పలక మీద నిలబడినప్పుడు ఆమె బరువు సరిగ్గా నూట తొమ్మిది కిలోలే. నిజమైన అంకె కూడా మనిషిని చావు గుమ్మం దాకా తీసుకుపోగలదని నాకు అప్పటికి తెలియదు. తెలిసినా ఏం చేసేదాన్ని? గుండును నాకు నేనే కాస్త పక్కకు జరుపుకునేదాన్నా? అది నా వల్ల కాదు. నన్ను తిట్టాలనుకున్నవాళ్లు తిట్టుకోవచ్చు. తల వంచుకుని మాత్రం వినను.

నేను ఒక కాటాను. మూడు వందల కిలోల దాకా మోయగల ఇనుప కాటాను. కింద మనిషి నిలబడేంత పలక, దాని ముందు ఛాతీ ఎత్తు స్తంభం, స్తంభం మీద గాట్లు కొట్టిన ఇత్తడి దండె, దండె మీద అటూ ఇటూ జరిగే గుండు. బరువు సరిపోయినప్పుడు దండె కొన గాలిలో తేలి నిలుస్తుంది. నాకు తెలిసిన విద్య అంతే. నా మీద పడ్డదాన్ని కింద నుంచి మోసి, అది ఎంతుందో చెప్పడం. మనుషులు దీన్ని చిన్న పని అనుకుంటారు. ఎదుటి మనిషిని ఉన్నంతే చూడడం వాళ్లలో ఎంతమందికి చేతనవుతుందో నేను చాలాకాలంగా చూస్తున్నాను.

నన్ను పోత పోసిన చోటు సరిగా గుర్తు లేదు. వేడి, ఇసుక అచ్చు, ఎవరో బీడీ కాలుస్తూ నా అంచులను ఆకురాయితో రుద్దడం, అంతవరకే జ్ఞాపకం. ఊహ తెలిసింది మాత్రం గుంటూరు మిర్చి యార్డులో. ఒక కమీషన్ కొట్టు ముందు నన్ను దించారు. ఏడాదికోసారి తూనికల శాఖ ఆయన వచ్చి నా ఒంటి మీద ముద్ర కొట్టి పోయేవాడు. మిగతా రోజులన్నీ నా ధర్మానికి పూచీ ఏసోబుది.

ఏసోబు కాటాదారు. ఇరవై ఆరేళ్లు నా దండె పట్టుకున్నాడు. హమాలీలు మిర్చి కుక్కిన గోనెను, వాళ్ల మాటలో టిక్కీని, నా మీద పడేసేవాళ్లు. ఏసోబు చూపుడు వేలితో గుండును తట్టి, దండె తేలగానే గొంతు సాగదీసి పాడేవాడు. "నలభై రెండూ... నలభై రెండున్నరా..." గుమస్తా రాసుకునేవాడు. ఆ పాట వెనక తరుగు అనే ఇంకో తంతు ఉండేది. గోనెకు ఇంత, తేమకు ఇంత, దుమ్ముకు ఇంత అంటూ నేను చెప్పిన అంకెలోంచి కొంత కోసేసి, మిగిలిందే బరువని రాసేవాళ్లు. రైతు నోరెత్తేవాడు కాదు. నేను పూర్తిగా చెప్పిన మాటను ఇంకొకరు చివర కొరికి చెప్పడం నాకు మొదటి నుంచీ గిట్టలేదు.

యార్డులో తగ్గడమంటే భయం. శీతల గిడ్డంగిలో పెట్టిన టిక్కీ కొన్నాళ్లకు కిలో తగ్గితే ఎవరూ పట్టించుకోరు, ఎండిందిలే అంటారు. అయిదు కిలోలు తగ్గితే మాత్రం ఏసోబు గోనె కుట్టు విప్పి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టేవాడు. బూజు పట్టిందా, ఎలుక దూరిందా, ఎవడైనా తీశాడా అని వెతికేవాడు. తొందరగా తగ్గిన బరువు లోపల ఏదో దాస్తుంది. ఇది మా ఇద్దరికీ ఒకరు నేర్పిన సంగతి కాదు.

హైమావతి మొదటిసారి నా దగ్గరకు వచ్చింది ఒక మధ్యాహ్నం, కాటాలు దాదాపు అయిపోయి హమాలీలు గోనెల మీద వాలి టీ తాగుతున్న వేళ. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి. కొరిటెపాడులో కర్రీ పాయింట్ నడుపుతుంది. నాలుగడుగుల వెనక, తనకేమీ సంబంధం లేనట్టు, భర్త అంజిబాబు. అతను లారీల బుకింగ్ ఆఫీసులో గుమస్తా. బరువు తగ్గే ఆపరేషను గురించి అడగడానికి ఆమె ఒక ఆసుపత్రికి వెళ్లిందట. అక్కడ మనుషుల్ని తూచే మిషను నూట ఇరవై దగ్గర ఆగిపోతుందట. ముల్లు చివరికి కొట్టుకుని ఇక కదలకపోతే, రిసెప్షన్‌లో అమ్మాయి, "ఎక్కడైనా కాటా వేయించుకు రండి మేడమ్" అందట, పాత ఇనప బీరువా గురించి చెప్పినట్టు.

"అన్నా, ఒక కాటా వెయ్యాలి," అంది ఏసోబుతో.

"ఏందమ్మా సరుకు?"

"నేనే."

హమాలీలు నవ్వారు. "మూడు టిక్కీల మీదే ఉండిద్దిరా," అన్నాడొకడు. "మూడున్నర. టీ పందెం," అన్నాడు ఇంకొకడు.

అంజిబాబు మొహం పక్కకు తిప్పుకున్నాడు. "పోదాం పదవే. నలుగురిలో ఎందుకిది."

ఆమె చెప్పులు విడిచి నా మీదికి ఎక్కింది.

ఆ పాదాలు నాకు ఇప్పటికీ గుర్తే. పగిలిన మడమలు, పొయ్యి ముందు పగలంతా నిలబడి వెడల్పైన అరికాళ్లు. నా మీద ఎక్కే మనుషులు సాధారణంగా తేలికపడాలని చూస్తారు. ఊపిరి బిగబడతారు, మడమలు కాస్త ఎత్తుతారు, ఆ పూట తిన్న అన్నం గురించి ఎవరూ అడగకుండానే సంజాయిషీ చెబుతారు. ఈమె కాలివేళ్లతో నా పలకను పట్టి, రెండు కాళ్ల మీదా సమంగా బరువు వదిలింది. సొంత ఇంట్లో నిలబడ్డట్టు నిలబడింది.

ఏసోబు దండె కొనకు తూకపు రాళ్లు తగిలించి, గుండు జరిపి, పాడకుండా మెల్లగా అన్నాడు. "నూట నలభై రెండమ్మా. చీరకీ గాజులకీ ఓ కిలో తరుగు తీసి నూట నలభై ఒకటి రాసుకో."

"తరుగెందుకన్నా? చీర మోసేదీ నేనేగా. ఉన్నది ఉన్నట్టు చెప్పు. గట్టిగా చెప్పు, పాపం వాళ్లు పందెం కాసుకున్నారు."

ఏసోబు పాడాడు. హమాలీలు మాత్రం ఈసారి నవ్వలేదు. ఇరవై ఆరేళ్లలో తరుగు వద్దన్న మనిషిని నేను చూడడం అదే మొదలు. ఆ రోజే ఆమె పక్షాన చేరిపోయాను. కాటాకు పక్షపాతం ఉండకూడదని మీరంటారు. ఉంది. అంకె దాకా రానివ్వలేదు, అంతే.

ఆ తర్వాత కొద్ది నెలలకు యార్డులోకి ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాయి. నన్ను గోడ వెనక పాత ఇనుము పక్కన పడేశారు. నావంటివాళ్ల కథలు అక్కడ ముగుస్తాయి. నాది ముగియకపోవడానికి కారణం కూడా హైమావతే. ఆ ఆసుపత్రిలో ఆపరేషన్లు చేసే డాక్టర్ కరుణాకర్ గదిలో కూర్చుని, "మనుషుల కడుపు కోసే ఆసుపత్రిలో మనుషుల్ని తూచే కాటా లేదాండీ? మిరపకాయల పక్కన నిలబడొచ్చాను," అని అడిగిందట. ఆయన సిగ్గుపడ్డాడు. సిగ్గుపడగలిగిన డాక్టరు. ఏసోబుకు అంతకు ముందు ఏడాది పిత్తాశయంలో రాళ్లు తీసింది ఆయనే కాబట్టి, కబురు పెట్టాడు. నేను కాటాగా వచ్చాను, ఏసోబు అటెండరుగా వచ్చాడు. నాకు తెల్లరంగు వేశారు. కీళ్లలో ఇరుక్కున్న మిర్చి ఘాటు మాత్రం పోలేదు. నా పక్క బెంచీ మీద కూర్చున్న ప్రతివాళ్లూ ఒకసారి తుమ్మాల్సిందే.

ఆ బెంచీ మీద భయపడుతూ కూర్చున్నవాళ్లకు ఏసోబు చొక్కా ఎత్తి చూపించేవాడు. "చూడండి, నాలుగు బొక్కలు. వేలు కూడా పట్టదు. లోపలికి కెమెరా పంపి, టీవీలో చూసుకుంటా తీశారు రాళ్లు. రెండో రోజు ఇంటికాడ ఉన్నా. వారానికి సైకిలెక్కా." అది నిజమే. ఆ దారిన వచ్చి, నా మీద ఎక్కి దిగి, మళ్లీ ఆసుపత్రి మొహం చూడని వాళ్లు వందల్లో ఉన్నారు. బాగైనవాళ్లకు కథలు ఉండవు. అందుకని వాళ్లను మరచిపోవడం న్యాయం కాదు.

హైమావతి తన మాట తేల్చుకున్నది కూడా ఆ బెంచీ మీదే.

"నోరు కట్టుకుంటే పోయేదానికి కడుపు కోయించుకోవటమేందే?" అన్నాడు అంజిబాబు. "కర్రీ పాయింట్ పెట్టుకుని, రోజంతా రుచులు చూసుకుంటా."

"పదకొండేళ్లు కట్టుకున్నా. పోయిందా? మోకాళ్లు మీవా నావా? సుగరు మీదా నాదా?"

"రేపేదన్నా అయితే?"

"అయితే నాకేగా అయ్యిద్ది. మీ దగ్గరకొచ్చి ఏడవన్లెండి."

అప్పుడు నాకు ఆ మాట బాగుందనిపించింది. పౌరుషం ఎప్పుడూ వినడానికి బాగుంటుంది. ఆ మాటతో ఆమె తన చుట్టూ ఒక గోడ కట్టుకుని, తలుపు పెట్టడం మరచిపోయిందని చాలా ఆలస్యంగా అర్థమైంది.

డాక్టరు ఏదీ దాచలేదు. కాగితం చూపించి వేలు మడుస్తూ చెప్పాడు. పొట్టలో మూడొంతులకు పైగా కత్తిరించి తీసేస్తాం, సన్నటి గొట్టంలాంటిది మిగులుతుంది. కుట్టు దగ్గర కారవచ్చు. రక్తం పోవచ్చు. గొట్టం ఎక్కడైనా ఇరుకు కావచ్చు. విటమిన్లు తగ్గవచ్చు. వాంతులు ఆగకపోతే ఆ రోజే రావాలి.

"వందలో ఎంతమందికండీ ఇట్టా?" అని అడిగాడు అంజిబాబు.

"చాలా కొద్దిమందికి. ఒకరిద్దరికి."

"ఆ ఒకరెవరో ముందే తెలవదుగా."

ఆమె పెన్ను తీసుకుని సంతకం పెట్టింది.

ఆపరేషను చక్కగా జరిగింది. ఇది కూడా నిజమే. మూడో రోజు అయిదు చిన్న పట్టీలతో, చేత్తో పొట్ట పట్టుకుని, వరండాలో నడిచి నా దాకా వచ్చింది. దారిలో ఏసోబుకు పప్పుచారులో ఇంగువ ఎప్పుడు వేయాలో చెప్పింది.

ఆ తర్వాత శనివారాలు మొదలయ్యాయి. ఆపరేషను అయినవాళ్లంతా శనివారం ఉదయం నా చుట్టూ చేరేవాళ్లు. ఒక్కొక్కరే నా మీదికి ఎక్కడం, ఏసోబు యార్డు బాణీలో అంకె పాడడం, కిందటిసారి కంటే తగ్గితే అందరూ చప్పట్లు కొట్టడం. డాక్టరుకు అది ఎంతో నచ్చింది. ఆయన మంచివాడు. చప్పట్లంటే మంచివాళ్లకు ఉండే బలహీనత చెడ్డవాళ్లకు కూడా ఉండదు. నాకు మాత్రం కొన్నాళ్లు తల తిరిగినట్టయింది. నేను పెరిగిన చోట తగ్గితే గోనె విప్పేవాళ్లు. ఇక్కడ తగ్గితే చప్పట్లు కొడుతున్నారు. అదే దండె, అదే గుండు, అదే ఏసోబు గొంతు.

నూట ముప్పై ఒకటీ. చప్పట్లు. నూట ఇరవై నాలుగూ. చప్పట్లు. పక్కవాళ్లు మూడు కిలోలు తగ్గేచోట హైమావతి ఏడు తగ్గేది. "మన హైమావతిగారిని చూసి నేర్చుకోండి," అన్నాడు డాక్టరు. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి, ఇంటి దగ్గర ఓడించాల్సిన మనిషిని ప్రతి శనివారం ఇక్కడ ఓడిస్తోంది అనుకున్నాను.

నాకు మనుషులు కింద నుంచి కనిపిస్తారు. మొహం అబద్ధమాడుతుంది, అరికాలికి ఆ విద్య రాదు. ఆరో వారం ఆమె ఎడమకాలి వేళ్లు నా పలకను పట్టడం మానేశాయి. ఏడో వారానికి రెండు కాళ్ల వేళ్లూ చల్లబడ్డాయి. పాదాలు దూరదూరంగా వేసి నిలబడసాగింది, పడవలో నిలబడ్డవాళ్లలాగా. వరండా చివర బాత్రూంలోకి వెళ్లి కుళాయి పూర్తిగా తిప్పేది. నీళ్ల చప్పుడు కింద ఇంకో చప్పుడు ఉండేది. బయటికి వచ్చి కొంగుతో మూతి తుడుచుకుని, డాక్టరు అడిగితే, "బాగుంది సార్, అన్నీ తింటన్నా," అనేది.

తినేది నిలవడం లేదు. ఇడ్లీ ముక్క నిలవడం లేదు, మజ్జిగ నిలవడం లేదు, విటమిను మాత్రలూ నిలవడం లేదు. ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట డాక్టరుతో అంటే అంజిబాబుకు తెలుస్తుంది. "చెప్పానా?" అన్న ఒక్క ముక్క భర్త నోటివెంట వినడం కంటే వాంతులే నయమనుకుంది. ఇది తెలివితక్కువ అని మీరు అనవచ్చు. అనే ముందు, మీరు గెలిచిన వాదం ఒకటి గుర్తు చేసుకుని, అందులో మీరే తప్పని తేలిన రోజున ఎవరికి చెప్పారో చెప్పండి.

మనుషులకు ఇంకో అలవాటుంది, ఈ ఊళ్లో మరీను. నీరసంగా ఉంటే వీధిచివర ఆరెంపీ దగ్గరకు పోయి సెలైన్ ఎక్కించుకోవడం. బెంచీ మీద కూర్చుని ఆమె ఫోనులో ఆ ఆరెంపీతో మెల్లగా అనడం నేను విన్నాను. "శుక్రవారం రెండు గ్లూకోజ్ బాటిళ్లు పెట్టండి డాక్టరుగారూ. శనివారం నిలబడాలి నేను." పెట్టాడు. వారం తర్వాత వారం పెట్టాడు. ఆ బలంతో వచ్చి నా మీద ఎక్కేది. అలా ఎక్కిన రోజునే నేను నూట తొమ్మిది అన్నాను. ఎనిమిది వారాల్లో ముప్పై మూడు కిలోలు. వరండా అంతా చప్పట్లతో మారుమోగింది. ఏసోబు చప్పట్లు కొట్టలేదు. గుండును దండె మీద ముందుకూ వెనక్కూ జరిపి చూశాడు, ఎవరైనా తీశారా అన్నట్టు.

"హైమమ్మా, ఇంత తొందరగా తగ్గకూడదేమోనమ్మా," అన్నాడు అందరూ పోయాక.

"నీ మిరపకాయల లెక్క నాకెందుకు పెడతావన్నా," అని నవ్వింది. నవ్వుతూ బెంచీ అనుకుని పక్కనున్న ఖాళీలో కూర్చోబోయి, గోడ పట్టుకుని ఆగింది.

ఆమె బతికింది. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆమె బతుకుతుందా లేదా అని మిమ్మల్ని ఊరించడం నాకు నీచంగా తోస్తుంది. పదో వారం శనివారం ఆమెను మంచం మీద పడుకోబెట్టారు. కళ్లు ఒకచోట నిలవడం లేదు, ఒక మనిషి ఇద్దరుగా కనిపిస్తున్నాడు, అది ఏ నెలో అడిగితే తడుముకుంది. ఒంట్లో బి-వన్ అనే విటమిను పూర్తిగా అయిపోయిందట. తౌడులో, పప్పులో దొరికే మామూలు వస్తువు. అది లేనివాళ్లకు వట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే, మిగిలిన చిటికెడు కూడా దాన్ని అరిగించడానికే ఖర్చైపోయి, దెబ్బ నేరుగా మెదడుకు తగులుతుందట. ఇంకో వారం ఆగితే మనిషి దక్కినా జ్ఞాపకం దక్కేది కాదని డాక్టరు ఏసోబుతో అన్నాడు. నరంలోకి ఆ విటమిను సూదులు రోజుకు మూడుసార్లు ఇచ్చారు. నోట్లోంచి కెమెరా పంపి చూస్తే, కుట్టిన గొట్టం మధ్యలో ఒక మలుపు దగ్గర ఇరుకై ఉంది. బుడగలాంటి దాన్ని పంపి, రెండు విడతలుగా వెడల్పు చేశారు. నీళ్లు దిగాయి. తర్వాత మజ్జిగ దిగింది. తర్వాత ఆమె చేతి కూర.

ఇప్పుడు ఆమె ఎనభై తొమ్మిది కిలోలు. మోకాళ్ల నొప్పులు లేవు, సుగరు మాత్రలు మాన్పించారు. ఎడమకాలి చివరి రెండు వేళ్లు మాత్రం ఇంకా నిద్రలోనే ఉన్నాయి. పోయిన నెల బెంచీ మీద కొత్తగా వచ్చిన ఒకావిడ భయంభయంగా, "మీకట్టా అయిందంటగా, చేయించుకున్నందుకు బాధగా లేదా?" అని అడిగింది. హైమావతి, "చేయించుకున్నందుకు లేదు. మళ్లా అయినా చేయించుకుంటా. నోరు మూసుకున్నందుకు ఉంది," అంది. శనివారాలు ఇప్పటికీ జరుగుతున్నాయి. అయితే నా మీదికి ఎక్కే ముందు డాక్టరు ప్రతివాళ్లనూ మూడు ప్రశ్నలు అడుగుతాడు. ఏం తిన్నారు, నిలిచిందా, అరికాళ్లలో తిమ్మిరుందా. ఎవరూ చప్పట్లు కొట్టరు. ఆయన పెద్ద పెద్ద సభల్లో తన ఫలితాలు చెప్పేటప్పుడు హైమావతి కేసును ముందు చెబుతున్నాడని విన్నాను. చెప్పనీ. ఆలస్యంగా వచ్చిన ధైర్యాన్ని కూడా నేను తరుగు తీయకుండానే తూస్తాను.

ఇవన్నీ తర్వాతి సంగతులు. ఇవన్నీ జరగడానికి వీలిచ్చిన ఒక్క క్షణం దగ్గరకు నా మనసు మళ్లీ మళ్లీ పోతుంది. దాన్ని చెప్పి ఊరుకుంటాను.

ఆ పదో వారం శనివారం. అంతకు ముందెప్పుడూ శనివారాలకు రాని అంజిబాబు ఆ రోజు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, డాక్టరు చెయ్యి పట్టుకుని, "నేనే పొరబడ్డాను సార్. బుకింగ్ ఆఫీసులో అందరికీ చెబుతున్నా, మా ఆవిడను చూడండి అని," అన్నాడు. హైమావతి భర్తను చూసింది. తను కోరుకున్న మాట అదే. అది విన్నాక ఇక నిజం చెప్పే దారి పూర్తిగా మూసుకుపోయింది.

డాక్టరు సెల్‌ఫోను ఎత్తి వీడియో తీయడానికి సిద్ధంగా ఉన్నాడు. చుట్టూ పదిహేనుమంది, అరచేతులు దగ్గరగా పెట్టుకుని.

ఆమె నా పలక అంచును కాలితో రెండుసార్లు వెతికింది. మూడోసారి దొరికింది. ఎక్కింది. అరికాళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి. ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదికి బరువు తనంతట తనే దొర్లుతోంది. దండె లేచింది, పడింది, మళ్లీ లేచింది.

"కాస్త కదలకుండా నిలబడు హైమమ్మా."

"నిలబడే ఉన్నా అన్నా."

ఏసోబు గుండును ఒక గాటు వెనక్కి జరిపాడు. దండె పడింది. ముందుకు జరిపాడు. లేచింది. గోనె అయితే ఈపాటికి నిలిచేది. నేను నిలవడానికి ప్రయత్నించలేదని చెప్పాలి. ఇన్నేళ్లలో మొదటిసారి ఒక అంకె దొరకకూడదని కోరుకున్నాను.

"కుదరట్లేదు సార్," అన్నాడు ఏసోబు.

"పాతది కదయ్యా. ఎక్కడో తుప్పు పట్టుంటుంది. సుమారుగా చెప్పు, ఎంత?"

"కాటాలో తప్పు లేదు సార్."

ఎవరో ఒకరు అలవాటుగా ఒకే ఒక్క చప్పట కొట్టి ఆపేశారు. అంజిబాబు మొహంలో నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం భార్య పాదాల మీదికి దిగాయి. హైమావతి ఎదురుగా చూస్తోంది. ఎదురుగా ఇద్దరు ఏసోబులు, ఇద్దరు డాక్టర్లు, ఇద్దరు అంజిబాబులు. ఆమె చేతులు రెండు పక్కలా వేలాడుతున్నాయి. కాటా మీద ఉన్నవాళ్లు దేన్నీ పట్టుకోకూడదు, పట్టుకుంటే అంకె చెడిపోతుంది. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. యార్డులోనూ పట్టుకోలేదు, కుట్లు మానని రోజుల్లోనూ పట్టుకోలేదు, ఇంట్లోనూ ఎవరినీ పట్టుకున్నట్టు లేదు.

డాక్టరు ఫోను కిందికి దించాడు. "హైమావతిగారూ?"

ఆమె కుడిచెయ్యి మెల్లగా లేచింది. గాలిలో ఒక క్షణం, ఏ స్తంభం నిజమో తేల్చుకోలేక ఆగింది. తర్వాత ముందుకు చాచి, అంతమంది చూస్తుండగా, నన్ను పట్టుకుంది.